మీ చెయ్యి కానుకివ్వండి

మా ఊరు తిబసోసాలో చర్చి ముందరి చౌకుకి పొద్దున్నే జున్నురొట్టెల కోసం వచ్చే మనిషి ఎవరూ "రెండు రొట్టెలివ్వండి" అనరు. అలా అంటే పాపం ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు కాబోలు అనుకుంటారు. "రెండు రొట్టెలు కానుకివ్వండి తల్లీ" అంటారు. కానుక అన్నారు కదా అని ఊరికే పట్టుకుపోరు, పెసోలు బల్ల మీద పెట్టే వెళ్తారు. బ్యాంకు గుమస్తా "ఇక్కడ మీ సంతకం కానుకివ్వండి" అంటాడు. బస్సులో పక్కవాడు "కాస్త చోటు కానుకివ్వండి" అంటాడు. సొగమోసో సంతలో దొంగ కత్తి చూపించి "ఆ ఫోను కానుకివ్వండి దొరగారూ" అన్నాడని మావాళ్ళు చెప్పుకుని నవ్వుకుంటారు గానీ, అందులో ఎవరికీ ఆశ్చర్యం లేదు. దొంగకైనా మర్యాద ఉండాలిగా.

మర్యాద విషయంలో మా బొయకా సీమ వాళ్ళం కాస్త అతిగానే ఉంటాం. తల్లి పిల్లల్ని మీరు అంటుంది, మొగుడు పెళ్ళాన్ని మీరు అంటాడు, అక్కాచెల్లెళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకున్నా మీరు అనుకుంటూనే పట్టుకుంటారు. ఉన్ని రువానా కప్పుకున్నట్టు ఈ మర్యాద కప్పుకుని బతుకుతాం, అది ఒంటి మీద ఉన్న సంగతే మాకు గుర్తుండదు. నూబియా సియాచోకే అనే ఆవిడ కొంప ముంచబోయింది సరిగ్గా అదే.

నూబియా నర్సు. ఉద్యోగం పోయి ఏడాది కావస్తున్నా, ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే నర్సుననే చెబుతుంది, చేతులకు పిండి అంటుకుని ఉన్నా సరే. సొగమోసోలో ఆమె పనిచేసిన చిన్న ఆసుపత్రికి ఒక శుక్రవారం తాళం పడింది. యజమానులు రాజధాని బొగొతా వెళ్ళిపోయారు, మంచాలు వేలానికి పోయాయి, నర్సులు తలా ఒక దారి పట్టారు. కుర్రపిల్లలకు వేరేచోట పని దొరికింది. నలభైకి దగ్గరపడుతున్న నూబియాను మాత్రం అందరూ మర్యాదగా కూర్చోబెట్టి, వేడి బెల్లం నీళ్ళిచ్చి, ఫోను చేస్తామని చెప్పి పంపించారు. ఎవరూ చెయ్యలేదు.

అక్క ఒబ్దూలియాకు చౌకులో జున్నురొట్టెల బండి ఉంది. పొయ్యి దగ్గర నిలబడటానికి ఒక మనిషి కావాలని, నూబియా ఒప్పుకునేదాకా చెవినిల్లు కట్టుకుని పోరింది. అలా మణికట్టు పట్టుకుని నాడి చూసిన చేతులు పిండిలో పడ్డాయి. పిండి పిసకడం తక్కువ పని అని నూబియా ఏనాడూ అనుకోలేదు. కాకపోతే రొట్టెకి నాడి ఉండదు. బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన ఆగకుండా దగ్గితే ఆమె చెయ్యి దానంతటదే లేవబోయేది. దాన్ని ఒళ్ళో అదిమిపెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేది.  ఆ బాధకు పేరు లేదు, అందుకని అక్కకు చెప్పేది కాదు.

ఆ రోజుల్లోనే జర్మనీ కబురు వచ్చింది. ఉత్తరాన ఎక్కడో సముద్రపు గాలి కొట్టే ఊళ్ళో ఒక పెద్దాసుపత్రికి నర్సులు కావాలి. వయసు అడ్డం కాదు, అనుభవం ఉంటే మరీ మంచిది. ఒకటే షరతు, వాళ్ళ భాషలో రోగితో మాట్లాడగలగాలి. మాట్లాడించి చూస్తారు. ఒకసారి తప్పితే ఇంకొకసారి పిలుస్తారు. రెండోసారీ తప్పితే ఆ తలుపు మూసుకున్నట్టే. నూబియాకు వేరే తలుపు ఏదీ తెరిచి లేదు.

జర్మన్ నేర్పే బడి తున్‌హాలో ఉంది. పోయి రావడానికి పొద్దంతా పోతుంది, మరి బండి ఎవరు చూస్తారు? అందుకని నూబియా ఫోనును పొయ్యి పక్కన ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టి, ఆ చిన్న చిన్న వీడియోల్లోనే నేర్చుకుంది.

నేర్పే ఆవిడ పేరు ఉల్రికె. తన వంటింట్లోనే నిలబడి నిమిషం సేపు మాట్లాడుతుంది. స్పానిష్ బాగానే వచ్చు, స్పెయిన్‌లో నేర్చుకుందట. వాళ్ళ భాషలో ప్రతి వస్తువుకూ లింగం ఉంటుంది కాబట్టి ఆవిడ మూడు రంగుల మూతలు పెట్టుకుంది. నీలం మూత ఎత్తితే పుంలింగం, ఎర్రది ఎత్తితే స్త్రీలింగం, పచ్చది ఎత్తితే రెండూ కానిది. ప్రతి వీడియో మొదట్లో గరిటెతో గిన్నె మీద టంగుమని కొట్టి, "షెంక్ మీర్ ఐనె మినూటె" అంటుంది. నాకొక నిమిషం కానుకివ్వు, అని. మొదటిసారి అది వినగానే నూబియాకు ప్రాణం లేచివచ్చింది. చూశారా, వాళ్ళూ మనలాగే కానుకే అడుగుతారు, అనుకుంది. షెంకెన్ అంటే కానుకివ్వడం. ఆ మాట అక్కడే మనసులో స్థిరపడిపోయింది. పెసో లేకుండా దొరికిన గురువు, ఆవిడ నోట విన్న మాట, ఇంకెందుకు అనుమానిస్తుంది?

నెల తిరిగేసరికి బండి నిండా రంగు చీటీలు. పొయ్యికి నీలం, సీసాకి ఎర్రది, రొట్టెకి పచ్చది. ఒబ్దూలియా అదంతా చూసి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. చెంచా మీద నీలం చీటీ ఎందుకుందని అడిగింది. మన స్పానిష్‌లో చెంచా ఆడదే గానీ వాళ్ళకు మగవాడని నూబియా చెప్పింది. ఫోర్కు వాళ్ళకు ఆడదట. కత్తి రెండూ కాదట.

"అయితే మా ఆయన కత్తి అన్నమాట," అంది ఒబ్దూలియా. రొట్టెల కోసం వరసలో నిలబడ్డవాళ్ళంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. ఆమె మొగుడు కూడా ఆ వరసలోనే ఉన్నాడు పాపం.

నవ్వులాట అలా ఉంచితే, పట్టుదల మాత్రం నూబియాదే. 'తో' అన్నాక మాట చివరి తోక ఎలా మారుతుందో, 'లోకి' అన్నాక ఎలా మారుతుందో, ఉల్రికె గిన్నె మీద కొట్టే తాళానికి కలిపి పిండి పిసికేది. తప్పు పలికితే ముద్దని మళ్ళీ మొదటినుంచి పిసికేది. దాంతో జర్మన్ ఎలా ఉన్నా, రొట్టెలు మాత్రం ఆ నెలల్లో బ్రహ్మాండంగా పొంగాయి. కాకపోతే ఒక చిక్కు వచ్చిపడింది, అది అప్పట్లో ఎవరూ గమనించలేదు. ఆమె జర్మన్‌కి కూడా నిమిషమే ఊపిరి. నిమిషం దాకా గడగడా మాట్లాడేది. ఆ తర్వాత వీడియో అయిపోయినట్టు టక్కున ఆగిపోయేది.

మొదటి ఇంటర్వ్యూ జూన్‌లో, ఫోనులోనే జరిగింది. తెర మీద ఇద్దరు. ఫ్రౌ హిల్‌బ్రాంట్ అనే పొట్టిజుట్టు పెద్దావిడ, ఆ ఆసుపత్రిలో నర్సులకు పెద్ద. పక్కన కలం పట్టుకుని ఒక పలచటి మనిషి. పెద్దావిడ రోగిలా నటిస్తుంది, నూబియా రక్తం తీయడానికి వచ్చిన నర్సు. అంతే పని. నూబియా చక్కగా నమస్కారం చెప్పింది, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగింది, తర్వాత తనకు తెలిసినంత మెత్తగా అంది: "షెంకెన్ జీ మీర్ బిటె ఈరెన్ ఆర్మ్." దయచేసి మీ చెయ్యి నాకు కానుకివ్వండి.

పెద్దావిడ కనుబొమలు పైకి లేచాయి. "కానుకా?" అంది. చిన్నగా నవ్వి, "శాశ్వతంగానా?" అని అడిగింది.

నూబియాకు మాటలు అర్థమయ్యాయి గానీ ఎందుకన్నదో అర్థం కాలేదు. ఏదో తప్పు మాట్లాడానని మాత్రం తెలిసింది. ఏది? చెయ్యికి నీలం చీటీ, అంటే 'మీ' అనడానికి 'ఈరెన్' రావాలి. కాదా? 'ఈరె' అని మార్చింది. పలచటి మనిషి ఏదో రాసుకున్నాడు. 'ఈరెమ్' అని మార్చింది. మళ్ళీ రాసుకున్నాడు. ఒప్పును తప్పు చేసి, ఆ తప్పును ఇంకో తప్పుతో దిద్ది, చివరికి తెర ముందు బొమ్మలా కూర్చుండిపోయింది. మిగతా ఇంటర్వ్యూ ఎలా అయిందో అడక్కండి. భాష చాలదని, అక్టోబర్‌లో తున్‌హాకి తామే వస్తున్నామని, అప్పుడు ఇంకొక్కసారి చూస్తామని కబురు పెట్టారు.

జూన్ నుంచి అక్టోబర్ దాకా నూబియా చేసిన పని తలచుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియదు. తప్పు తోకల్లోనే ఉందని తేల్చుకుంది. ఉల్రికె తోకల గురించి చేసిన వీడియోలన్నీ వెతికి పట్టుకుని, చూసిందే చూసి, నేర్చుకున్నదే నేర్చుకుంది. చెయ్యి, కాలు, వేలు, భుజం, ఒంట్లో ఉన్న ప్రతి ముక్కకీ తోకలు తగిలించి, బండి దగ్గరికి వచ్చిన ప్రతి మనిషినీ ఎగాదిగా చూస్తూ గొణుక్కునేది. చర్చి ఫాదరు ఒకరోజు రొట్టె పట్టుకుని, ఈవిడకు ఒంట్లో బాగానే ఉంది కదా అని ఒబ్దూలియాను మెల్లగా అడిగి వెళ్ళాడు. పాడు తోకలు! అవి మొదటినుంచీ సరిగ్గానే ఉన్నాయి. పగిలిన కుండ ఒకటైతే ఆమె ఇంకో కుండకు మాట్లు వేస్తూ కూర్చుంది. చెప్పేవాళ్ళెవరు? ఉల్రికెకు మా కానుక సంగతి తెలియదు. తిబసోసాలో ఆ కానుక వింతగా తోచే మనిషే లేడు.

అక్టోబర్ వచ్చింది. వెళ్ళేరోజు పొద్దున ఒబ్దూలియా చెల్లెలికి నాలుగు రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చింది. మంచి మాట ఒక్కటీ అనలేదు. రొట్టెల పొయ్యి వైపు చూస్తూ, ఆ జర్మనీలో జున్ను ఉప్పగా ఉంటుందట, నీళ్ళు చప్పగా ఉంటాయట, మనుషులు మంచుగడ్డలట అని ఏకరువు పెట్టింది. అవన్నీ ఎక్కడ విన్నారని నూబియా అడిగితే, మీ ఉల్రికె మొహం చూస్తే తెలియడం లేదా అంది. తల్లి పోయాక తనను ఎత్తుకు పెంచిన అక్క ఏ బాధతో అలా అంటోందో నూబియాకు తెలుసు. తెలిసినా, తాను ఈసారీ తప్పితే బాగుండునని అక్క లోపల ఎక్కడో అనుకుంటోందేమో అన్న అనుమానం ముల్లులా గుచ్చుకుంది. ఆ ముల్లుతోనే బస్సెక్కింది.

తున్‌హాలో ఎప్పటిలాగే ఎముకలు కొరికే గాలి. ఇంటర్వ్యూ జరిగే హోటలు మెట్ల దగ్గర ఒక మనిషి ఫ్లాస్కులు పెట్టుకుని నల్లకాఫీ అమ్ముతున్నాడు. వెనెజువేలా నుంచి వచ్చినవాడు, మారకైబో యాస, ఎవరినైనా నువ్వు అనేసే రకం. నూబియా అతని ముందు ఆగింది. ఇంకా కాస్త టైముంది.

"ఒక కాఫీ కానుకివ్వండి అన్నయ్యా," అంది.

అతను కప్పు నింపుతూ తనలో తాను నవ్వుకున్నాడు. ఎందుకు నవ్వుతున్నారని ఆమె అడిగింది. ఈమధ్య ఎవరు నవ్వినా తనను చూసేననిపిస్తోంది.

"నిన్ను చూసి కాదులే అక్కా," అన్నాడతను. "ఈ దేశం వచ్చిన మొదటిరోజు గుర్తొచ్చింది. ఒకావిడ వచ్చి కాఫీ కానుకివ్వమంది. పాపం డబ్బుల్లేవేమో అనుకుని ఊరికే ఇచ్చేశాను. ఇంకో ఆయన వచ్చాడు, ఆయనా కానుకే అన్నాడు. కోటు, టై. ఇదేం ఊరురా బాబూ, టై కట్టుకుని మరీ అడుక్కుంటున్నారు అనుకున్నాను. ఆ పూట ఫ్లాస్కంతా దానమైపోయింది. మీవాళ్ళకు తప్ప ప్రపంచంలో ఇంకెవరికీ అది ఇవ్వమన్నట్టు వినపడదక్కా. కానుకంటే కానుకే. మళ్ళీ వెనక్కి రాదు."

నూబియా చేతిలో కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

శాశ్వతంగానా?

మీ చెయ్యి నాకు కానుకివ్వండి. శాశ్వతంగానా?

 జూన్‌లో ఆ పెద్దావిడ తన చెయ్యి కోసుకుని ఇవ్వమన్నట్టు విన్నది. ఒక్క తోక కూడా తప్పు కాదు, మాటే తప్పు. నాలుగు నెలలుగా పిసికిన పిండి అంతా వట్టిది. సిగ్గుతో ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా టైము లేదు. కాఫీ డబ్బులు ఇచ్చి మెట్లెక్కింది.

ఇవ్వడానికి వాళ్ళ మాట గేబెన్. "గేబెన్ జీ మీర్ ఈరెన్ ఆర్మ్." చెయ్యి ఇవ్వండి. మెట్టు మెట్టుకీ అదే అనుకుంటూ ఎక్కింది. నోటికి ఎంత గరుగ్గా ఉందో! జ్వరంతో పడుకున్న మనిషిని పట్టుకుని చెయ్యి ఇవ్వండి అంటే, పోలీసు సంకెళ్ళు వేయడానికి అడిగినట్టు లేదూ? ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో ఆమె ఒక్క రోగినీ అలా అడగలేదు. ఇంకో భయం దానికి తోడైంది. మరి ఉల్రికె ప్రతిరోజూ నిమిషం కానుకివ్వమంటోంది కదా, ఆవిడా తప్పేనా? ఆవిడ తప్పైతే తాను నేర్చుకున్న దాంట్లో ఏది నిజం? అడుగుదామంటే ఎవరున్నారు? తలుపు తెరిచి పేరు పిలిచారు.

గదిలో పొడుగాటి బల్ల, నీళ్ళ జగ్గు. ఫ్రౌ హిల్‌బ్రాంట్ తెరలో కంటే పెద్దగా, తెల్లగా కనిపించింది. పలచటి మనిషి కలం చేతిలో అలాగే ఉంది, జూన్ నుంచి కింద పెట్టలేదేమో. మీ గురించి చెప్పండి అన్నారు. నూబియా చెప్పింది. ఊరు, ఆసుపత్రి, చూసిన వార్డులు, అక్క, రొట్టెలు. మాట ఎక్కడా తడబడలేదు. నిమిషం కాగానే మాట కత్తిరించినట్టు ఆగిపోయింది. వాళ్ళింకా చెబుతుందేమోనని చూస్తున్నారు. ఆమెకు ఇంక రాదు. లోపలంతా ఖాళీ. గోడ మీద గడియారం చప్పుడు వినపడుతోంది. పలచటి మనిషి ఏదో రాసుకున్నాడు.

పెద్దావిడ లేచి వచ్చి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. శాలువా ఒంటి చుట్టూ లాక్కుంది. ఇప్పుడు ఆమె రోగి. రక్తం తీయాలి, అంది పలచటి మనిషి గొంతు.

అదే పరీక్ష. మళ్ళీ అదే గొయ్యి అంచుకు తీసుకొచ్చి నిలబెట్టారు. నూబియా నాలుగడుగులు వేసింది. గేబెన్, గేబెన్ అని గుండె కొట్టుకుంటోంది. నమస్కారం చెప్పింది, నిద్ర పట్టిందా అని అడిగింది. ఆవిడ లేదన్నట్టు తల ఊపింది, కళ్ళ కింద నిజంగానే నల్లటి చారలున్నాయి, అంత దూరం నుంచి వచ్చిన మనిషి. అలసిపోయిన ఆ మొహాన్ని చూసేసరికి నూబియా పరీక్ష సంగతి మరిచిపోయింది. పుట్టినప్పటినుంచీ ఉన్న మర్యాద గొంతులోకి ఎగదన్నుకుని వచ్చేసింది.

"షెంకెన్ జీ మీర్ బిటె..."

కలం పైకి లేచింది. ఫ్రౌ హిల్‌బ్రాంట్ కనుబొమలు సరిగ్గా జూన్‌లో లేచినట్టే లేచాయి. వాళ్ళకు గుర్తుంది.  మాట సగం బయటికి వచ్చేసింది, వెనక్కి మింగడానికి లేదు, ముందుకు తోస్తే చెయ్యే వస్తుంది. అయిపోయింది, ఇంక పొయ్యే గతి అనుకుంది. ఆ అనుకోవడంలోనే, ఎక్కడినుంచో గిన్నె మీద గరిటె టంగుమంది. పొయ్యి పక్కన, ఉప్పు డబ్బాకు ఆనుకుని, కొన్ని వందలసార్లు విన్న గొంతు. జర్మన్ మనిషి, జర్మన్ వంటింట్లో, సొంత భాషలో అన్న మాట. అది తప్పైతే అవనీ.

"...ఐనె మినూటె," అంది నూబియా.

దయచేసి నాకొక నిమిషం కానుకివ్వండి.

కనుబొమలు దిగాయి. పెద్దావిడ మొహంలోకి నెమ్మదిగా ఏదో వెచ్చదనం వచ్చింది. నిద్ర లేని రోగి పక్కన నర్సు అలా అనాలని ఆవిడ ఎంతమందికి చెప్పి చెప్పి విసిగిపోయి ఉంటుందో. "సంతోషంగా ఇస్తాను," అంది. కలం కాగితం మీదికి రాకుండా గాలిలోనే ఆగింది.

నూబియా స్టూలు లాక్కుని కూర్చుంది. తన కళ్ళు ఆవిడ కళ్ళకు సమంగా వచ్చాక, కష్టమంతా గొంతులోకి తెచ్చుకుని, ఆ గరుకు మాటను ఎంత మెత్తగా అనగలదో అంత మెత్తగా అంది: "ఇప్పుడు మీ చెయ్యి ఇవ్వండి." గేబెన్. నాలుకకు రుచించలేదు. అయినా అంది.

ఫ్రౌ హిల్‌బ్రాంట్ చెయ్యి చాచింది. చాచి, ఓరగా చూసి, "తిరిగి ఇచ్చేస్తారుగా?" అని అడిగింది.

ఈసారి నూబియాకు అర్థమైంది. మాట, మాట వెనక నవ్వు, నవ్వు వెనక జూన్ నెల, అన్నీ అర్థమయ్యాయి.

"ఇచ్చేస్తాను," అంది. "మీ చెయ్యి మీకే. పైగా ప్లాస్టరు వేసి మరీ ఇస్తాను. ప్లాస్టరు మాత్రం కానుక."

పలచటి మనిషి నవ్వాడు. ఆయనకు నవ్వడం వచ్చని అప్పుడే తెలిసింది.

నూబియా వేళ్ళు ఆ మణికట్టు మీదికి వాటంతటవే వెళ్ళాయి. నటనకు నాడి చూడనక్కర్లేదు, ఎవరూ చూడమనలేదు. వేళ్ళ కింద టపటపమంటూ నాడి దొరికింది. ఏడాదిగా పిండిలో వెతికి వెతికి దొరకనిది. ఈసారి మాట ఆగలేదు. సూది ఎక్కడ గుచ్చుతుందో, ఎంతసేపు నొప్పి ఉంటుందో, అటు తిరిగి కిటికీలోంచి చూస్తే ఏం కనబడుతుందో, పొద్దున ఏమైనా తిన్నారో లేదో, తినకపోతే తన సంచీలో జున్నురొట్టెలున్నాయని, మాట్లాడుతూనే ఉంది. ఒకటి రెండు తోకలు ఊడిపోయాయి. ఊడితే ఊడాయి. నిమిషం ఎప్పుడో దాటిపోయింది, ఆమెకు తెలియలేదు. పలచటి మనిషే చివరికి చాలండి అన్నాడు.

మధ్యాహ్నం పాసైనవాళ్ళ పేర్లు చదివారు. నూబియా పేరు చదివినప్పుడు ఫ్రౌ హిల్‌బ్రాంట్ జున్నురొట్టె నములుతోంది.

తిరుగు బస్సు పైపా దాటేదాకా నూబియా ఏడ్చింది, దుయ్‌తామా దాటేదాకా నవ్వుకుంది. తిబసోసా దగ్గరపడే కొద్దీ రెండూ పోయి భయం పట్టుకుంది. అక్కకు ఎలా చెప్పాలి? బస్సులో అటు తిప్పి ఇటు తిప్పి అమర్చుకున్న మాటలేవీ చౌకు కనబడగానే నోటికి రాలేదు.

బండి దగ్గర సాయంత్రం గిరాకీ మొదలైంది. ఒబ్దూలియా చెల్లెల్ని చూసింది. అడగలేదు. పొద్దుటి నుంచీ అడగకుండా ఉండటానికే గట్టిగా నిశ్చయించుకున్నట్టు, పొయ్యిలోకి వంగి రొట్టెలు తిప్పుతూ కూర్చుంది. నూబియా కూడా చెప్పలేదు. చేతులు కడుక్కుంది, ఏప్రాన్ కట్టుకుంది, పిండి ముందు నిలబడింది. ఇద్దరూ పక్కపక్కనే పనిచేస్తున్నారు. మొదట ఎవరు నోరు విప్పితే వాళ్ళు ఓడిపోయినట్టు, మౌనం బిగుసుకుపోయింది. గిరాకీ జనం కూడా దాన్ని పసిగట్టి, రొట్టె కానుకివ్వండి అన్న మాట గొంతు తగ్గించి అని, తీసుకుని పోతున్నారు.

ఉండలు చేయడం అయింది. పేర్చడానికి పళ్ళెం లేదు. నూబియా తల తిప్పకుండానే చెయ్యి చాచింది.

"అక్కయ్యా, ఆ పళ్ళెం ఇవ్వండి."

ఒబ్దూలియా చెయ్యి పొయ్యిలోనే ఆగిపోయింది. వరసలో ముందున్న ముసలమ్మ కూడా తలెత్తి చూసింది, ఈ అమ్మాయికి ఏమొచ్చిందని. నూబియాకు తానేమన్నదో ఇంకా తెలియలేదు. చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉంది.

"ఇవ్వండా?" అంది ఒబ్దూలియా.

అప్పుడు నూబియాకు తెలిసింది.  ఏదో చెప్పబోయింది, అక్క చెప్పనివ్వలేదు. ఒబ్దూలియా రువానా కొంగుతో మొహం ఒకసారి గట్టిగా తుడుచుకుంది, పొయ్యి వేడి అన్నట్టు.

"అయితే పాసయ్యారన్నమాట," అంది. "ఇక్కడ నిలబడి ఉన్నారు గానీ, అప్పుడే వెళ్ళిపోయారు."

నూబియా తల ఊపింది.  తప్పితే బాగుండునని అక్క అనుకున్నదా లేదా అన్న ముల్లు ఇంకా లోపలే ఉంది. ఒబ్దూలియా పళ్ళెం తీసింది. దాని మీద అతికించిన రంగు చీటీ నూనెకు నానిపోయి ఊడిపోతుంటే, బొటనవేలితో నొక్కి మళ్ళీ అంటించింది. చెల్లెలి చాచిన చేతిలో పెట్టి, ఆ చెయ్యిని రెండు చేతులతో పట్టుకుంది.

"తీసుకోండి," అంది. "కానుకే. తిరిగి ఇవ్వక్కర్లేదు."

ఆ తర్వాత వరసలో ఉన్న ముసలమ్మకు ఎన్ని రొట్టెలు కావాలో అడిగింది.